జెండాలో బంతిపూలు

మే మొదటి వారం. దక్షిణ సూడాన్‌లో నైలు నది పక్కన మట్టి రన్‌వే. హెలికాప్టర్ దిగి పది అడుగులు వేశానో లేదో, బూట్లకు చెరో కిలో మట్టి. నల్లరేగడి. అచ్చం బోధన్‌లో మా చెరుకు చేనిలాంటిదే. పరాయి దేశమనుకుంటూ దిగాను, కాళ్లకింద మాత్రం మా పొలమే ఉంది.

నెత్తిన నీలి హెల్మెట్, ఒంటిమీద పది కిలోల కవచం, చేతిలో రైఫిల్. యుద్ధంలో ఇళ్లు పోయినవాళ్లు తలదాచుకున్న శిబిరానికి కాపలా కాయడం మా శాంతిదళం పని. ఆరు గంటలు డ్యూటీ, ఆరు గంటలు విశ్రాంతి. "ఎన్ని తూటాలు పేల్చినవ్ అన్నా?" అని ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. ఒక్కటీ పేల్చలేదు. కాపలావాడికి అంతకన్నా గొప్పేముంది? అర్థం కానివాళ్లతో వాదించను, చాయ్ తాగి లేచి వస్తాను.

బయల్దేరేముందు అమ్మ నా సంచిలో దసరా తోరణం నుంచి తెంపిన నాలుగు ఎండు బంతిపూలు పెట్టింది. "గక్కడ పూలుంటయో లేవో బిడ్డా" అంది. చిరిగిన ఇసుక బస్తాలో మట్టి నింపి, ఆ పూల విత్తనాలు బంకర్ పక్కన చల్లాను. జులై వచ్చేసరికి బస్తా నిండా పూలు.

జులై తొమ్మిది వాళ్ల స్వాతంత్ర్య దినం. వారం ముందు శిబిరంలోని బడి టీచరమ్మ బంకర్ దగ్గరికి వచ్చింది. అరవై దాటిన మనిషి, నాకంటే పొడుగు. మడత విప్పి ఒక జెండా చూపించింది. ఆ దేశం పుట్టిన రోజున తన బడిలో ఎగరేసినది. యుద్ధం ఊళ్లోకి వచ్చినప్పుడు దాన్ని నడుముకు చుట్టుకుని నది దాటిందట. అప్పటినుంచి ఎగరలేదు.

ఆమె అడిగింది ఒక స్తంభం మాత్రమే. నేనే ఊరుకోలేదు. "మా దేశంలో జెండాలో పూలు కట్టి ఎగరేస్తాం. బడిలో ఉన్నప్పుడు ఏటా ఆ ముడి నేనే వేసేవాణ్ని" అని ఇంగ్లీషులో అన్నాను. ఆమె జెండా నా చేతిలో పెట్టింది.

ఆ రోజు పొద్దున్నే పూలు పెట్టి జెండాను మూటకట్టి స్తంభం తాడుకు తగిలించాను. ఎనిమిదిన్నరకు ఇరవై నిమిషాల వాన. పదింటికి శిబిరమంతా స్తంభం చుట్టూ ఉంది. అక్కడ జెండాను విప్పే పైకి పంపుతారు. మూట పైకి పోతుంటే జనం గుసగుసలాడారు. టీచరమ్మ తాడు లాగింది. మూట విచ్చుకోలేదు. మళ్లీ లాగింది. కదల్లేదు.

కావలి గోపురం మీద రేడియో ఆపరేటర్, మా జిల్లాలోని నందిపేట్ వాడు, బైనాక్యులర్‌లో చూస్తున్నాడు. నా చెవిలో వాడి గొంతు:

"అన్నా, ముడి బిగుసుకున్నది. గుంజనియ్యకు. బట్ట పాతది, చినుగుతది."

టీచరమ్మ చేతిమీద చెయ్యి వేసి ఆపాను.

"కమాండర్ సాబ్ అడుగుతుండు, ఏమైందని."

"తప్పు నాదే అని చెప్పు."

అది నూలు తాడు. తడిస్తే బిగుస్తుంది. చెరుకు మోపులు కట్టే ఇంట్లో పుట్టి ఆ మాత్రం తోచలేదు నాకు. అంతమంది ముందు వాళ్ల జెండాను కిందికి దించాను. తలెత్తలేకపోయాను. టీచరమ్మ గోళ్లతో మెల్లగా ముడి విప్పింది. బట్ట చెక్కుచెదరలేదు.

"పూలు వద్దమ్మా, మీ పద్ధతిలోనే ఎగరేద్దాం" అన్నాను.

ఆమె దోసిట్లో బంతి రేకులు. "ఇవి ఎక్కడివి?"

"మా అమ్మ ఇచ్చిన విత్తనాలవి."

"అయితే మళ్లీ కట్టు" అంది.

తాడును రుమాలుతో పిండి తుడిచాను. ఒక్కటే మడత, వేలు దూరేంత వదులు. మూట పైకి పోయింది. ఆమె లాగింది.

జెండా విచ్చుకుంది. రేకులు రాలాయి. ఆడవాళ్లు నాలుకలు ఆడిస్తూ పెట్టిన కేక నది అవతలికి వినిపించి ఉంటుంది. వాళ్ల జాతీయగీతంలో ఒక్క మాటా నాకు రాదు. అయినా సెల్యూట్ చేస్తుంటే ఛాతీ ఉప్పొంగింది, కళ్లు చెమర్చాయి. దాచుకోవడమెందుకు, ఆ రోజు నాకు గర్వంగా అనిపించింది.

"అన్నా, మన బడి లెక్కనే ఉన్నది" అన్నాడు రేడియోలో నందిపేట్ వాడు.

మరుసటి మేలో నిజామాబాద్‌లో రైలు దిగి, బస్సులో ఇంటికి చేరాను. అమ్మ ముందు అడిగింది ఒక్కటే. "పూలు పూసినయా బిడ్డా?"

"పూసినయి అవ్వా."

ఇప్పుడు ఆగస్టు పదిహేనున మా బడివాళ్లు ముడి వేయడానికి నన్నే పిలుస్తారు. ముందు తాడు తడి చూస్తాను. జెండా విచ్చుకోగానే అందరూ పైకి చూస్తారు. నాకు మాత్రం టీచరమ్మే కనిపిస్తుంది. గుండెమీద చెయ్యి, నెరిసిన జుట్టులో మా అమ్మ బంతిపువ్వు రేకు ఒకటి. పాట అయిపోయేదాకా ఆమె దాన్ని తీయలేదు.