డెన్మార్కు కుర్చీ

విదేశం వచ్చాక, వెర్రిబీ అనే శివారు ఊళ్లో మేం కట్టించుకున్న ఇంటికి మా అత్తగారు తెనాలి నుంచి మొదటిసారి వచ్చినప్పుడు హాలంతా కలయజూసి, "సినిమాలో ఇల్లులా ఉందమ్మా" అన్నారు. నాకు చాలా సంతోషమైంది. తెల్లటి గోడలు, గాజు బల్ల, నేలకు అంటుకున్నట్టుండే బూడిదరంగు సోఫా. ఆ సోఫా కోసం నేనూ మా ఆయనా ఎన్ని షాపులు తిరిగామో. కూర్చుంటే మనిషి సగం అందులో మునిగిపోవాల్సిందే. అదే దాని గొప్ప అనుకునేవాళ్లం.

వచ్చిన కొత్తలో ఆవిడ సాయంత్రాలు మాతోపాటే హాల్లో కూర్చునేవారు. తర్వాత ఎందుకో మానేశారు. మేం ఆఫీసుల నుంచి వచ్చి టీవీ ముందు చేరగానే, "మీరు చూసుకోండి" అని తన గదిలోకి వెళ్లిపోయేవారు. స్నేహితులు భోజనానికొస్తే వంటగట్టు పక్కన నిలబడే కబుర్లు చెప్పేవారు. కూర్చోమంటే, "పొద్దుటినుంచీ కూర్చునే ఉన్నాగా" అని దాటేసేవారు.

నాకు గుబులు పట్టుకుంది. నా మాటేదైనా ఆవిడకు గుచ్చుకుందేమోనని, జరిగిన సంభాషణలన్నీ రైల్లో ఆఫీసుకు వెళ్తూ తిరగేసుకునేదాన్ని. ఏమీ దొరికేది కాదు. మా ఆయన్ని అడిగితే, "అమ్మ అంతేలే, నువ్వు ఓవర్‌గా థింక్ చెయ్యకు" అన్నాడు.

ఆ రోజుల్లోనే మా వీధి చివర ఉండే ఒక డెన్మార్కు పెద్దావిడ, చిన్న ఫ్లాట్‌లోకి మారుతూ సామాను అమ్మకానికి పెట్టింది. ఆవిడ గరాజ్‌లో కనిపించింది ఆ టేకు కుర్చీ. వాళ్ల మామగారు ఓడలో వెంట తెచ్చుకున్నదట. పొడుగాటి వీపు, వెడల్పాటి చేతులు, మెలిపెట్టిన తాడుతో అల్లిన సీటు. తెల్లగోడల మధ్య ఇలాంటి పాత స్కాండినేవియన్ కుర్చీ ఒక్కటి వేసిన గదుల ఫొటోలు చూసి చాలాకాలంగా మోజుపడుతున్నాను. ఇంటికి తెచ్చి, కిటికీ వైపు తిప్పి, పక్కన దీపం పెట్టాను.

"హెడ్మాస్టర్ రూంలోంచి ఎత్తుకొచ్చినట్టుంది" అన్నాడు మా ఆయన. అత్తగారు మాత్రం దగ్గరికెళ్లి సీటు వేలితో నొక్కి చూశారు. "నులకమంచం అల్లినట్టే అల్లారే" అన్నారు.

ఒక శనివారం మధ్యాహ్నం కూరగాయలు తీసుకుని ఇంటికొచ్చేసరికి అత్తగారు గదిలో లేరు. ఫోను మంచం మీదే ఉంది. పెరటి తలుపు తెరిచి ఉంది, పెరట్లోనూ లేరు. మా ఆయన మా అమ్మాయిని స్విమ్మింగ్‌కి తీసుకెళ్లాడు. ఒంటరిగా బయటికి వెళ్లి దారి తప్పారేమో, మనసు కష్టపెట్టుకునే వెళ్లారేమో అనుకుని సంచి అక్కడే పడేశాను. వీధిలోకి పరిగెత్తి, అటూ ఇటూ చూసి, మళ్లీ లోపలికొచ్చి గట్టిగా పిలిచాను.

"ఇక్కడే ఉన్నానమ్మా, ఎందుకలా అరుస్తావు?"

కుర్చీ వీపు చాటునుంచి వచ్చిందా గొంతు. చిన్న మనిషేమో, వెనకనుంచి తల కూడా కనిపించలేదు. ఒళ్లో పళ్లెం పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"పిలుస్తుంటే పలకరేంటి అత్తయ్యా?"

"కాస్త కునుకు పట్టింది. ఎండ హాయిగా ఉంది." పళ్లెం నాకందించి, కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి, నెమ్మదిగా లేచి నిలబడ్డారు. "చూశావా, ఎవరూ పట్టుకోకుండా లేచాను. ఆ సోఫాలోంచి నావల్ల కాదమ్మా."

అప్పుడు చెప్పారు. మేమెవరం ఇంట్లో లేని ఒక మధ్యాహ్నం సోఫాలో కూర్చున్నారట. మోకాళ్లు సహకరించక లేవలేకపోయారట. చివరికి నేలమీదికి జారి, దేక్కుంటూ భోజనాల బల్లదాకా వెళ్లి, కుర్చీ పట్టుకుని లేచారట.

"మాకెందుకు చెప్పలేదు?"

"అంత ముచ్చటపడి కొనుక్కున్నారు. వచ్చీ రాగానే దానికి వంకపెట్టడం ఏం బాగుంటుంది?"

ఆవిడ అలా నేలమీద దేకడం ఊహించుకుంటే నాకు ఏడుపొచ్చింది. అయినా గుండెలమీంచి బండ దించినట్టయింది. ఇన్నాళ్లూ ఆవిడ దూరంగా ఉన్నది సోఫాకి, నాకు కాదు.

సాయంత్రం ఆ మాట వినగానే మా ఆయన, "ఆ డెన్మార్కు ఆంటీ దగ్గర ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయేమో కనుక్కో" అన్నాడు. రెండు దొరికాయి. జత కాదు, రంగులూ కలవవు. సోఫాను అమ్మాయి గదిలోకి పంపాం. పిల్ల దానిమీద బోర్లా పడుకుని, "దిస్ ఈజ్ ద బెస్ట్" అంది. తెల్లగోడల మధ్య ఆ పాత చెక్క కుర్చీలు మొదట్లో వేరే ఇంటినుంచి వచ్చిన చుట్టాల్లా కనిపించాయి. గాజు బల్లను వాటి మధ్యకు జరిపాక కుదురుకున్నాయి.

తర్వాతి ఆదివారం స్నేహితులు వచ్చారు. అత్తగారు తన కుర్చీని అందరివైపూ తిప్పించుకుని కూర్చున్నారు. తెనాలి కబుర్లు చెబుతూ, మధ్యలో నావైపు తిరిగి, "అమ్మాయ్, నా కాఫీ ఇక్కడికే తెచ్చిపెట్టు, నేను లేవను" అన్నారు. ఆ పని చెప్పించుకోవడం నాకెంత హాయిగా అనిపించిందో.