తెల్లగుడ్డ కప్పిన బండి

ఆత్మకూరు బజారులో సగం మందికి నాగేశ్వరమ్మవ్వకు కాళ్లున్న సంగతి తెలియదు. కిరాణా హోల్‌సేల్ అంగట్లో, చింతపండు బస్తాల ఘాటు మధ్య, గల్లాపెట్టె వెనక పరుపు మీద ఆమె కూర్చుని ఉంటుంది. పొద్దున్నే అందరికంటే ముందు వస్తుంది. సాయంత్రం అందరూ పోయాక పోతుంది. కూర్చున్నంతసేపూ రాజ్యం ఆమెదే. లేచిందా, మోకాళ్ల నొప్పికి ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి కొడుకు భుజం మీద, నోట్లో దేవుళ్లందరి పేర్లు, మధ్యమధ్యలో కొడుక్కి తిట్లు. అది ఎవరి కంటా పడకూడదనే అన్ని జాగ్రత్తలు.

ఎవరి కంటా అంటే, ముఖ్యంగా తమ్ముడు మల్లికార్జునం కంట. అక్కాతమ్ముళ్లు కలిసే అంగడి నడుపుతారు. అతని ఇల్లు బజారు చివర, అంగడి వెనకే. పోయిన ఏడాది అతని గుండెకు ఆపరేషన్ అయింది. మనిషి బయటపడ్డాడు గాని ధైర్యాన్ని ఆస్పత్రిలోనే వదిలేసి వచ్చాడు. "మా అక్క అట్టా రాయి మాదిరి కూర్చోనుంటే చాలు, నాకేమీ కాదు" అని వచ్చిన వాళ్లందరికీ చెబుతాడు. ఆ రాయి ఎంత అరిగిపోయిందో అతనికి తెలియనివ్వకూడదని అవ్వ పట్టుదల.

ఎండాకాలం సెలవులకు మూడు రోజులు ఉదయగిరి పోదామని కొడుకు వెంకటేష్ తలపెట్టాడు. అవ్వ పుట్టిన ఊరు. కొండ కింద చల్లగాలికి తిరగడానికని ఆమె కోసం బ్యాటరీ బండి కూడా తెప్పించాడు. నాలుగు చిన్న చక్రాలు, మెత్తటి కుర్చీ, ముందు హ్యాండిల్. బొటనవేలితో మీట నొక్కితే పిల్లి నడిచినట్టు చప్పుడు లేకుండా కదులుతుంది. అవ్వ దాన్ని ఎగాదిగా చూసి అవిటిబండి అని పేరు పెట్టింది.

"దీన్నెక్కి నేను ఊరేగితే ఇంకేమన్నా ఉండాదా? శెట్టెమ్మ పని అయిపోయిందంటారు. ఆ మాట మల్లిగాడి చెవిన పడితే వాడి పని అయిపోతాది" అంది.

మనవరాలు మేఘన బతిమాలి బతిమాలి ఒక ఒప్పందానికి తెచ్చింది. బండి వస్తుంది గాని అవ్వ ఎక్కదు, ఎవరికీ చూపించరు. అయితే ఎక్కను గాక ఎక్కనన్న బండినైనా సరే, పూజ చేయకుండా గడప దాటించడం అవ్వ లెక్కలో ఇంకా పెద్ద తప్పు. తెల్లవారకముందే దానికి పసుపు కుంకుమ పెట్టించి, బంతిపూల దండ వేయించి, ఆ తర్వాత కొత్త తెల్లగుడ్డ తెప్పించి నిలువునా కప్పించింది.

వెంకటేష్ నడిపే వ్యానులో నిలబెడితే బండి దొర్లుతోంది. అందుకని పడుకోబెట్టి, గుడ్డ మీదుగా కొబ్బరి తాడుతో అక్కడక్కడా బిగించి కట్టారు. కుర్చీకి తల ఆనించే భాగం ఒక చివర ఉబ్బెత్తుగా లేచింది. కాళ్లు పెట్టుకునే పలక ఇంకో చివర నిక్కింది. వెనక తలుపు మూతపడకపోతే సగం తెరిచే ఉంచి తాడు కట్టారు. దండ చివర గుడ్డ కిందనుంచి బయటికి వేలాడుతోంది. బయలుదేరే తొందరలో ఎవరూ వెనక్కి వెళ్లి అదెట్లా కనిపిస్తోందో చూడలేదు. వెంకటేష్ వారం కిందటే పెంచలకోన మొక్కు తీర్చుకుని నున్నటి గుండుతో ఉన్నాడు. దాని గురించీ ఎవరూ ఆలోచించలేదు.

దుత్తలూరులో మిరపకాయ బజ్జీల కోసం ఆగారు. అక్కడ చెంచురామయ్య ఎదురయ్యాడు. అతనిది ఆ ఊళ్లో చిల్లర అంగడి. ఏళ్ల తరబడి అవ్వ దగ్గరే సరుకు ఎత్తుతాడు. అతన్ని దూరాన చూడగానే అవ్వ కిటికీ తెర లాగేసుకుంది. చూశాడంటే దిగి కాఫీ తాగిపొమ్మంటాడు. దిగితే మోకాళ్ల సంగతి బయటపడుతుంది. తాను రాలేదని చెప్పమని కొడుక్కి గుసగుసగా ఆజ్ఞ వేసింది.

చెంచురామయ్య నవ్వుతూ వచ్చాడు. వెంకటేష్ గుండు చూసి నవ్వు తగ్గించాడు. పక్కన మేఘన బజ్జీ కారానికి కళ్లూ ముక్కూ తుడుచుకుంటోంది. అతని చూపు వ్యాను వెనక్కి పోయి అక్కడ ఆగిపోయింది. మెల్లగా తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అమ్మ..." అన్నాడు.

వెంకటేష్‌కు అబద్ధం చెప్పడం రాదు. నేల చూస్తూ తల అడ్డంగా ఊపాడు. చెంచురామయ్య అతని భుజం మీద చెయ్యి వేసి, ఇంకొక్క మాటైనా అనకుండా వెళ్లిపోయాడు. పీడ విరగడైందని తెర వెనక అవ్వ సంతోషించింది.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఊరు దాటగానే గొర్రెల మంద అడ్డం వచ్చింది. వ్యాను పక్కనుంచి పోతుంటే కాపరి కర్ర చంకన పెట్టుకుని, చేతులు జోడించి, మొహం తిప్పుకున్నాడు. ఇంకొంత దూరంలో రోడ్డు పక్క ఆంజనేయస్వామి గుడి. దండం పెట్టుకుందామని అవ్వ తెర తీసి చూసేసరికి, పూజారి గబగబా వచ్చి గుడి తలుపులు మూసేశాడు. ఆమె జోడించిన చేతులు జోడించినట్టే ఉండిపోయాయి. దేవుడే మొహం చూపించనన్నాడంటే మామూలు సంగతి కాదు. బోరింగు దగ్గర ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. వెనక వస్తున్న బస్సు హారన్ కొట్టడం మానేసి, దాటిపోకుండా, మెల్లగా వెంటే వచ్చింది. ఆ రోడ్డు మీద అట్లాంటి మర్యాద ఎవరూ ఎరగరు.

నెత్తిన ఎండ మండుతోంది. కొండల వైపు మాత్రం నల్లగా మబ్బు కట్టింది. తమ్ముడికేమన్నా కాబోతోందా అని అవ్వకు గుబులు పట్టుకుంది. ఫోను చేయించబోతే సిగ్నల్ లేదు. వెనక్కి తిప్పమంది. ఎండకు తల తిరుగుతోందని కోడలు అనుపమ నీళ్లు తాగించి ఊరుకోబెట్టింది.

ఉదయగిరిలో కొండ మొదట్లో వ్యాను ఆపారు. పైన పాత కోట గోడలు మబ్బులో మునిగి ఉన్నాయి. బండి దించుతానని వెంకటేష్ అంటే, నలుగురిలో దాన్ని విప్పితే ఇక్కడే ప్రాణం తీసుకుంటానంది అవ్వ. చేసేది లేక మిగతా ముగ్గురూ కొంత దూరం ఎక్కి వస్తామని వెళ్లారు. అవ్వ ముందు సీట్లో ఒక్కతే మిగిలింది. గాలి ఆగిపోయింది. ఆకు కదలడం లేదు.

నేరేడుపండ్ల గంపతో ఒక ముసలామె వ్యాను వెనక నిలబడింది. గంప దించి, దండం పెట్టి, మెల్లగా కిటికీ దగ్గరికి వచ్చింది.

"మీ ఇంటాయనా తల్లీ?"

"ఆయన పోయి శానా ఏండ్లయింది" అంది అవ్వ, ఈమెకెందుకీ ఆరా అనుకుంటూ.

"అయితే ఎవురమ్మా వాళ్లు?"

"ఎవురు?"

"ఆ ఎనకాల కట్టిపెట్టిన మనిషి. ఎండకు పెట్టుకోని కూర్చున్నారే. పూలు గూడా వాడిపోయినాయి. తొందరగా కానియ్యండి తల్లీ, మబ్బు పట్టింది."

అవ్వ మెడ తిప్పింది. సీట్ల సందులోంచి తెల్లగుడ్డ, తాళ్లు, ఉబ్బెత్తుగా తల, నిక్కిన కాళ్లు. కాపరి దండం, గుడి తలుపు, హారన్ కొట్టని బస్సు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తన శవం వెనక వస్తుంటే తానే ముందు సీట్లో కూర్చుని వచ్చింది. ఆ తర్వాత చెంచురామయ్య తలగుడ్డ గుర్తుకొచ్చింది. ఆ మనిషి ఊరకే ఉంటాడా? ఆత్మకూరుకు ఫోను చేసే ఉంటాడు. ఆ కబురు ముందు ఎవరికి పోతుంది?

అవ్వ పక్కకు వంగి హారన్ మీద వేసిన చెయ్యి, కొండెక్కిన వాళ్లు పరిగెత్తుకుంటూ వచ్చేదాకా తియ్యలేదు.

తిరుగుదారిలో దుత్తలూరు దగ్గర సిగ్నల్ దొరికింది. మల్లికార్జునం ఫోను మోగి మోగి ఆగిపోయింది. పక్కంగడి సురేంద్రబాబుకు చేస్తే, వెంకటేష్ నోరు తెరవకముందే ఆయన అడిగాడు.

"ఎన్ని గంటలకు ఎత్తతారు నాయనా? బజారంతా షట్టర్లు దించినాం."

అమ్మ బతికే ఉందని, పక్కనే కూర్చుని ఉందని వెంకటేష్ చెప్పాడు. సురేంద్రబాబు ఓదార్చబోయాడు.

"ధైర్యంగా ఉండాల నాయనా. నువ్వే ఇట్టా మాట్లాడితే ఎట్టా? ఈడ మీ మామ కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉండాడు. పిలిస్తే పలకడంలేదు."

అవ్వ ఫోను లాక్కుని తిట్టబోయేసరికి సిగ్నల్ పోయింది.

బయట దుమ్ము లేచింది. మబ్బులో మెరుపులు మొదలయ్యాయి. అనుపమ ఒక సంగతి గుర్తు చేసింది. మల్లికార్జునం గుండెకు చెడ్డ వార్తే కాదు, మంచి వార్త కూడా ఒక్కసారిగా తగలకూడదని డాక్టరు చెప్పాడట. పోయిందనుకున్న మనిషి ఉన్నట్టుండి గుమ్మంలో నిలబడితే ఆ గుండె తట్టుకుంటుందా?

ఆత్మకూరు చేరేసరికి పొద్దు వాలుతోంది. బజారు మొదట్లోనే దారి మూసుకుపోయి ఉంది. ఎక్కడ చూసినా మోటారు సైకిళ్లు, గొంతు తగ్గించి మాట్లాడుకునే మనుషులు. ఒక గోడకు రెండు పచ్చి వెదుళ్లు ఆనించి ఉన్నాయి. పాడె కట్టడానికి ముందుచూపున్న వాళ్లెవరో తెచ్చిపెట్టారు. వెంకటేష్ దిగి పరిగెత్తబోయాడు.

"ఆగరా. ఆ గుండుతో నువ్వు ముందు కనబడితే వాడు ఆడికాడికే పోతాడు" అంది అవ్వ.

"నేను పోతానవ్వా" అంది మేఘన.

"నువ్వు చెప్తే ఎవురు నమ్ముతారు మే? మీ నాయన చెప్తేనే నమ్మలా."

అవ్వ బజారు వైపు చూసింది. ఇన్నేళ్లు దాచింది ఈ వీధి నుంచే. ఆ చివరిదాకా నడవడం ఆమె వల్ల కాదు. నలుగురూ ఎత్తుకుపోతే శవాన్ని తెచ్చినట్టే ఉంటుంది.

"తాళ్లు కొయ్యండి" అంది.

తెల్లమూటను దించుతుంటే జనం మీదికి వచ్చారు. ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. గుడ్డ తొలగగానే ఆ ఏడుపు సగంలో ఆగిపోయింది. కడసారి చూపుకు వచ్చిన వాళ్లకు బంతిపూల దండ వేసుకున్న కుర్చీ కనిపించింది. అంతలో ముందు తలుపులోంచి అవ్వ దిగింది. మూలుగులు, దేవుళ్లు, తిట్లు, ఏదీ దాచుకోలేదు. బజారంతా చూస్తుండగా బండి మీద కూలబడి మీట నొక్కింది.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ పలకరించలేదు. జనం మాత్రం రెండుగా చీలి దారి ఇచ్చారు. అందరి చూపూ ఆమె కాళ్ల మీదే. మోకాళ్ల ఆలోచన ఎవరికీ లేదు. దయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా, అది చూసుకుంటున్నారు. చప్పుడు చేయని బండి వాళ్ల అనుమానాన్ని ఇంకా పెంచింది. అవ్వ కంటికి వాళ్లెవరూ ఆనలేదు. చివర ఉన్న గుమ్మం ఒక్కటే కనబడుతోంది. వెనక జనం మాటామంతీ లేకుండా నడిచి వస్తున్నారు.

గుమ్మానికి ఎదురుగా పోకుండా, లోపలికి కనబడని చోట గోడ వారగా బండి ఆపింది.

"ఒరే మల్లీ" అంది, రోజూ అంగట్లో పిలిచే గొంతుతోనే. "వాన వస్తా ఉండాది. చింతపండు బస్తాలు లోపలేయించినావా లేదా?"

లోపల చప్పుడు లేదు.

"నిన్నేరా అడిగేది."

"వేయించినాం అక్కా" అని, అలవాటు కొద్దీ, నీరసంగా ఒక గొంతు పలికింది. వెంటనే ఏదో గిన్నె కిందపడి దొర్లింది.

"లేయబాక. ఆడనే కూర్చో. నేను యాడికీ పోలేదు. కనబడే ముందు నీకొకటి చెప్పాల. నేను నడిచి రాలేదు మల్లీ. మోకాళ్లు పోయి శానా కాలమయింది, నీకు చెప్పలేదు. బండి మీద వచ్చినాను. ఇప్పుడు ముందుకొస్తన్నా, భయపడబాక."

అతను ఆగలేదు. గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. అక్కను చూశాడు, బండిని చూశాడు, వంగి ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. మొహం నిండా చెమట.

"ఎడం చెయ్యి లాగతా ఉండాది అక్కా" అన్నాడు.

వ్యాను ఆ చివర ఉంది. అవ్వ అప్పటికే హ్యాండిల్ వదిలేసి, సురేంద్రబాబు రెక్క పట్టుకుని అరుగు మీదికి జరిగింది. తమ్ముణ్ణి ఎక్కమంది. అతను మొహమాటపడితే రోజూ తిట్టే తిట్టే తిట్టింది. వెంకటేష్ మీట నొక్కి పట్టుకుని వ్యాను దాకా పక్కనే పరిగెత్తాడు. బండికి దారి వదలమని అవ్వ అరుగు మీదినుంచి వేసిన కేకలు బజారు మొదటిదాకా వినబడ్డాయి. దయ్యం సంగతి మరిచిపోయి జనం పక్కకు తప్పుకున్నారు.

వాన మొదలైంది. వంగని కాళ్లను అందరి ముందూ బార్లా చాపుకుని అవ్వ ఆ అరుగు మీదే కూర్చుంది. చాలాసేపటికి సురేంద్రబాబు ఫోను మోగింది. సూది వేశారని, సమయానికి తెచ్చారని, తెల్లవారేదాకా ఏ మాటా చెప్పలేమని డాక్టరు అన్నాడట. మనిషి అక్కను అడుగుతున్నాడట.

"నా బండి పంపించమను" అంది అవ్వ.

వానలో తడుస్తూ మేఘన బండి తోలుకొచ్చింది. షట్టర్లు ఇంకా ఎవరూ ఎత్తలేదు. బజారు మొదట్లో పచ్చి వెదుళ్లు గోడకు ఆనించే ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకుపోవడానికి తెచ్చిన వాళ్లకే జంకు. అవ్వ వాటి పక్కనుంచే, అటు చూడకుండా, మీట మీద బొటనవేలు తియ్యకుండా ఆస్పత్రి వైపు పోయింది.