మల్లేశయ్య సూది బేరం

మా మల్లేశయ్య చెప్పిన రేటుకు ఏదీ ఒప్పుకోడు. ఇబ్రహీంపట్నంలో ప్లాట్లు అమ్మిపెట్టే మనిషి కాబట్టి ఆ మాత్రం బేరం మామూలే అనుకోకండి. డాక్టరు థర్మామీటరు చూసి జ్వరం నూట రెండంటే, "నూరు జేస్కో సార్" అన్నవాడు.

ఆయన పక్కింటివాణ్ని నేను, వెంకటసుబ్బారావును. కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. సాగర్ రోడ్డు పొడుగునా మెట్ట చెలకలన్నీ ప్లాట్ల వెంచర్లవుతున్న రోజుల్లో నాకు ప్లాటు అంటగట్టింది కూడా ఆయనే. నాకు షుగరు. ఇన్సులిన్ వేసుకోమని డాక్టరు రాసిచ్చాడు. సూదంటే నాకు చచ్చే భయం. అందుకని ఆ డబ్బాను ఫ్రిజ్‌లో ఆవకాయ వెనక దాచి, వేసుకుంటున్నానని మా ఆవిడ కనకరత్నంతో చెప్పేవాణ్ని. కాలి మీద పుండు ఎంతకీ మానడం లేదు. దానికి నేను చెప్పుల షాపువాణ్ని తిట్టుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను.

ఇంతలో మల్లేశయ్య పిల్లికి కూడా షుగరని తేలింది. దాని పేరు దొర. తినడం, పడుకోవడం, మనల్ని చిన్నచూపు చూడటం, ఇవే దాని పనులు. పశువుల డాక్టరమ్మ సునంద దగ్గరికి నా కారులోనే తీసుకెళ్లాం.

"రెండు పూటలా ఇన్సులిన్ వెయ్యాలె. పూటకు రెండు యూనిట్లు," అందావిడ.

"ఒకటి జేస్కో మేడం."

"ఇది ప్లాటు కాదు మల్లేశయ్యా."

"ఒకటిన్నర. ఇగ ఆఖరు మాట."

"నీ ఇష్టమొచ్చినట్టు తగ్గిస్తే పిల్లి పానం పోతది!"

మల్లేశయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. అయినా గుమ్మం దాటుతూ "పావు తక్కువ రెండు?" అని అడిగే బయటికొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే దొరను తువ్వాల్లో చుట్టుకుని మా ఇంటికొచ్చాడు. "సార్, వీడు సూదికి ఆగుతలేడు. మీరు ముందుగాల మీ సూది ఏస్కోండ్రి. గది సూసి ఆగుతడు."

"పిల్లికి అంత తెలివెక్కడిదయ్యా?"

"మీరు సదువు జెప్పెటోళ్లు గద. మిమ్మల్ని సూసి నేర్సుకుంటడు."

ఆ పొగడ్తకు పడిపోయాను. అయినా, "వారానికోసారైతే వేసుకుంటా" అన్నాను.

"రోజు రెండు పూటలు."

"పోనీ, రోజు విడిచి రోజు."

"సార్, నాతోని బేరమా?" అని జాలిగా చూశాడు. నేను ఓడిపోయాను.

అప్పటినుంచి అదే తంతు. ముందు దొర చెవికి చిన్న పోటు పొడిచి, చుక్క రక్తం మిషన్‌లో చూసి, డాక్టరమ్మకు ఫోను.

"మూడొందల ఎనభై మేడం."

"అర యూనిట్ పెంచు."

"పావు పెంచుత."

"అర అన్న!"

"సరే, మీ మాట కాదంటనా?"

తర్వాత నా వంతు. కళ్లు గట్టిగా మూసుకుని, ఇష్టదైవాలందరినీ పిలుచుకుని, పొట్టలో పొడుచుకునేవాణ్ని. నేను కళ్లు తెరిచేసరికి దొరది కూడా అయిపోయేది. వాడు మాత్రం నాకేసి 'ఇంతోటిదానికా?' అన్నట్టు చూసేవాడు.

ఒకరోజు దొర తిండి ముట్టలేదు. మిషన్‌లో అంకె బాగా పడిపోయింది. "ఈ పూట అస్సలు వెయ్యకు" అంది డాక్టరమ్మ. అలవాటు చొప్పున మావాడు "జరంతన్న ఎయ్యనియ్ మేడం" అన్నాడు. ఫోన్లో ఆవిడ పెట్టిన చీవాట్లు మా వంటింటిదాకా వినిపించాయి.

తర్వాత్తర్వాత చెవి పరీక్ష వాళ్లింట్లోనే చేసుకొచ్చేవాడు. నాకు ఏ అనుమానమూ రాలేదు. ప్రతిదీ పరీక్షించి చూడాలని పిల్లలకు పాఠం చెప్పే మనిషిని కదా! ఈలోగా నా కాలి పుండు మానిపోయింది. చెప్పులు మార్చిన మహిమ అనుకున్నాను.

ఓసారి బజార్లో సునంద కనిపించింది. దొర డోసు ఎంతకొచ్చిందని పెద్ద తెలిసినవాడిలా అడిగాను.

"డోసెక్కడిది సార్? షుగరు అదుపులకొచ్చింది. ఇన్సులిన్ ఎప్పుడో ఆపేసినం గద!"

మర్నాడు మల్లేశయ్య యథాప్రకారం తువ్వాలుతో వచ్చాడు. నేను కళ్లు మూసుకోకుండా కూర్చున్నాను. ఆయన చేతిలో ఉన్నది ఖాళీ సూది. పైగా దానికి మూత కూడా తియ్యలేదు.

"ఏమిటయ్యా ఇది?"

సూదిని గబుక్కున తువ్వాల్లోకి తోశాడు. "మీ కాలు సూసి భయమైంది సార్. మా బాపుకు గట్లనే పుండయి పాదం తీసేసిండ్రు. మంచిగ జెప్తె మీరు ఇనరు. అందుకే దొరను అడ్డం పెట్టిన."

నన్ను కన్నవాళ్లు కూడా నాకోసం ఇంత నాటకం ఆడలేదు.

"ఇగ దొరికిపోయిన గద, రేపటి సంది రాను తియ్యి."

"రావాలి. రెండు పూటలా."

"వారానికొక్కసారి వస్త."

"రోజూ."

"వీని నిద్ర ఖరాబైతుంది సార్. ఒక్క పూట జేస్కోండ్రి."

"రెండు పూటలు. దొరతో సహా."

మల్లేశయ్య దొర వంక చూశాడు. దొర తీరిగ్గా ఆవులించాడు.

"సరే సార్, మీ రేటే ఖాయం," అని, నేను మాట మార్చకముందే చెయ్యి కలిపేశాడు.