ఆమెన్ తరువాత

లోయిస్‌కి ఎవరినీ ఊరికే నమ్మే అలవాటు లేదు. జీతం వచ్చేదే ఆ అలవాటుకి. సాల్ట్‌లేక్‌లోని ఆఫీసులో ఏ మెయిలు లోపలికి రావాలో, ఏది స్పామ్‌లో పడాలో తేల్చే వడపోత ఆమె చేతిలోదే. పాస్టరుగారి పేరుతో ఎవడో దొంగ మెయిళ్ళు పంపాక, హౌరా పక్కన లిలువాలోని తమ తెలుగు చర్చి మెయిలు కూడా ఆమె నెత్తిన పడింది.

ఆమె పెట్టిన నియమం తేలికే. పంపినవాడి పేరు కాదు, పరపతి చూడాలి. అవతలివాళ్ళు జవాబిస్తే పరపతి పెరుగుతుంది. స్పామ్ అని నొక్కితే తరుగుతుంది. బాగా తరిగితే అతని మెయిలు ఇక ఎవరి కంటా పడదు. చుట్టాలకీ పక్కాలకీ మినహాయింపు లేదని కమిటీ ముందు గొప్పగా చెప్పింది కూడా. ఆ గొప్పే ఇప్పుడు ఆమెను తినేస్తోంది. పరపతి అడుగంటిన మనిషి ఆమె తండ్రి ఎలీయాజరు.

రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూనే ఏళ్ళ తరబడి ఆ చర్చిలో బైబిలు వాక్యం చెప్పినవాడు ఆయన. మైకు అక్కర్లేని గొంతు ఆపరేషన్‌లో పోయింది. అప్పటి నుంచి పొద్దున్నే ఒక వాక్యం, దాని వివరం తెలుగులో టైపు చేసి, ఇంట్లో ఉన్న లోయిస్‌ను తప్పించి సంఘమంతటికీ పంపుతాడు. తరువాత ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడు. లోయిస్ అన్నం డబ్బా సర్దుకుంటుంటే కనుబొమలెగరేస్తాడు, ఎవరైనా చదివారా అని.

"చదివే ఉంటారు నాన్నా," అని ఆమె హౌరా లోకల్ కోసం పరుగెడుతుంది. రైల్లో మనసు కుదురుగా ఉండదు. నమ్మకస్తుల్లో ఆయన పేరు చేర్చడానికి ఒక్క నొక్కు చాలు. ఫోను తీస్తుంది, బ్యాగులో పడేస్తుంది, మళ్ళీ తీస్తుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక, యువకుల కూటం నడిపే జెఫ్రీని పక్కకి పిలిచింది.

"ఎలీయాజరు తాత మెయిలు స్పామ్ అని ఎందుకు నొక్కేసేవు?"

"ఏటి దీదీ, అంతా తెలుగే కదా. నాకు మాటాడ్డమే గానీ సదవడం రాదు. ఫ్రాడ్ అనుకోని నొక్కేసేను. మావోళ్ళందరూ నొక్కేసేరు."

"మీ అమ్మ సదువుతాది కదా?"

"ఆమెన్ దాకా సదివి కట్టేసీది."

అంటే వడపోత తప్పేమీ చేయలేదు. అందుకే ఆమెకు ఇంకా ఒళ్ళు మండింది. నియమం ఏమైనా కానీ, ఆగిపోయినవన్నీ వదిలేస్తానని ఖాళీ బెంచీ మీద లాప్‌టాప్ తెరిచింది. వదిలేముందు ఒక్కటైనా చూడాలి కనుక పైది తెరిచింది. వాక్యం, వివరం, ఆమెన్. ఆమెన్ వినగానే లేచి చెప్పులు వెతుక్కునే జనం మనం. ఆమె కూడా మూసేయబోయింది. కింద ఇంకేదో ఉంది.

"ప్రార్థన మనవి: నా గొంతులో మళ్ళీ నొప్పి మొదలైంది. మింగుడు పడటం లేదు. లోయిస్‌కి చెప్పలేదు, బెంగ పెట్టుకుంటుంది. సంఘస్థులు ప్రార్థించగలరు."

దాని ముందు మెయిల్లోనూ అదే మనవి. అంతకు ముందుదాంట్లోనూ. కనుబొమలెగరేసి ఆయన అడిగింది వాక్యం గురించి కాదు. చదివే ఉంటారు నాన్నా అని రోజూ చెప్పింది తనే.

అక్కడికక్కడే చర్చి మెయిలు నుంచి జవాబు రాసింది. "చదివాను నాన్నా. రేపు ఆస్పత్రికి పోదాం. లోయిస్."

గుమ్మం బయట ఎలీయాజరు మట్టి కప్పులో చాయ్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చాయ్ ఒక్క గుక్క కూడా తగ్గలేదు. జేబులో ఫోను మోగింది. ఇన్నాళ్ళకి ఎవరో జవాబిచ్చారని ఆయన ముఖమంతా నవ్వయింది. అప్పటికి ఆయన ఇంకా చదవలేదు.