సర్దుబాటుకు ముందు రీడింగ్

బొల్లారంలోని ఒక మందుల కర్మాగారంలో ప్రెషర్ గేజీలనూ ఉష్ణోగ్రత మీటర్లనూ సరిచూడటం నా ఉద్యోగం. ఆ పనిలో మొదటి రోజే నేర్పే నియమం ఒకటుంది. మీటరు తప్పు చూపిస్తోందని తెలిసినా సరే, దాన్ని ముట్టుకునే ముందు అది ఎంత చూపిస్తోందో ఉన్నది ఉన్నట్టు రాసుకోవాలి. సరిచేయడం ఆ తర్వాతే. ముందు సరిచేసి తర్వాత రాస్తే, అన్నాళ్ళూ ఆ మీటరును నమ్మి చేసిన పనిలో ఎంత తేడా వచ్చిందో ఇక ఎవరికీ తెలియదు. నేను చెప్పబోయే రెండు రోజులు నాలుగేళ్ళ కిందటివి. వాటినీ ఆ నియమం ప్రకారమే రాయాలని ఉంది.

అది మే నెల. ఆదివారం ఎలాగూ సెలవే, శనివారానికి కూడా సెలవు పెట్టాను. ఆ రెండు రోజుల్లో ఏదో ఒక చోట పక్కింటి అబ్బాయితో ఒంటరిగా మాట్లాడి, అతనంటే నాకు ఇష్టమని చెప్పాలి. మూడు నెలల ముందే తీసుకున్న నిర్ణయం అది.

మా నాన్న కోస్తా నుంచి ప్రభుత్వ రంగ కర్మాగారంలో ఉద్యోగానికి ఇక్కడికి వచ్చారు. అతని నాన్నది ఈ నేలే. కొంత భూమి ఉంచుకుని, అదే కర్మాగారంలో అదే షిఫ్టులో చేరారు. తర్వాత ఇద్దరూ కిష్టారెడ్డిపేటలో పక్కపక్కనే ఇళ్ళు కట్టుకున్నారు. మా కులాలు వేరు, ప్రాంతాలు వేరు. ఆ రెంటినీ లెక్కలోకి తీసుకున్నాకే నేను నిర్ణయానికి వచ్చాను. మా అమ్మా వాళ్ళమ్మా ఒకరినొకరు అక్కా అని పిలుచుకునేవారు. ఆ లెక్కన ఆమె నాకు పెద్దమ్మ కావాలి, అతను అన్న కావాలి. అందుకే పదిహేనేళ్ళ వయసు నుంచీ ఆమెను ఆంటీ అని మాత్రమే పిలిచాను. ఆ మాట ఏ వరసనూ కలపదు. అతన్నయితే ఏమనీ పిలవలేదు. ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వెళ్ళి నిలబడేదాన్ని.

అతనికీ ఇష్టమేనని అనుకోవడానికి నా దగ్గర మూడు ఆధారాలు ఉండేవి. నాకు టైఫాయిడ్ వచ్చిన పదకొండు రోజులూ, ముత్తంగిలో తను పనిచేసే గోదాము నుంచి వచ్చి, తన ఇంటికంటే ముందు మా గేటు దగ్గర ఆగి, ఎలా ఉందని అడిగి వెళ్ళాడు. ఒక వానాకాలం సాయంత్రం మా కంపెనీ బస్సు చెడిపోతే, నేను ఫోన్ చేయకముందే మోటారు సైకిల్ మీద రెండో హెల్మెట్‌తో వచ్చి ఉన్నాడు. ఆ హెల్మెట్ నా తలకు సరిగ్గా సరిపోవడం మూడోది. వాటిలో ప్రతిదానికీ వేరే కారణం కూడా చెప్పుకోవచ్చు. ఆ వేరే కారణాలన్నిటినీ కొట్టివేయడానికే నాకు ఏళ్ళు పట్టింది.

ప్రతి వేసవిలో రెండు కుటుంబాలమూ సంగారెడ్డి అవతల ఉన్న వాళ్ళ మామిడి తోటకు వెళ్ళేవాళ్ళం. ఆ శనివారం పొద్దున ఆరింటికే వాళ్ళమ్మ ప్రహరీ గోడ మీదుగా కేకవేసింది.

“అక్కా, జల్దీ గానియ్యి! ఎండ నెత్తిమీదికొచ్చినంక కాయలు తెంపుతమా?”

“వస్తున్నా అక్కా, ఈ పెరుగు గిన్నె మూత కనబడి చావట్లేదు,” అంది మా అమ్మ.

తోటలో అతను చిక్కం కట్టిన కర్రతో కాయలు దింపుతుంటే, నేను కింద నిలబడి గోనె సంచిలోకి పేరుస్తూ లెక్కపెట్టాను.

“ఏం మేడం, మామిడికాయలను గూడ చెక్ చేసి సర్టిఫికెట్ ఇస్తవా?” అన్నాడు పైకి చూస్తూనే.

“లెక్కపెడుతున్నా. నూట నాలుగు.”

“నూట అయిదు. ఒకటి నీ నోట్ల ఉన్నది జూడు.”

నిజమే. కొరికిన కాయను లెక్కలో చేర్చలేదు. అతను నవ్వాడు. ఆ క్షణంలో చెప్పేయవచ్చు. మా నాన్నలిద్దరూ దూరంగా మంచం వేసుకుని ఏదో పాత షిఫ్టు ఇన్‌ఛార్జిని తిట్టుకుంటున్నారు, అమ్మలు పొయ్యి దగ్గర ఉన్నారు. కాని భోజనం తర్వాత పంపు గది నీడలో చెప్పాలన్నది నా ఏర్పాటు. ఏర్పాటును మార్చుకోవడం నాకు ఎప్పుడూ రాదు.

భోజనాల దగ్గర నాటుకోడి కూర వడ్డిస్తూ వాళ్ళమ్మ నా పక్కన ఆగింది.

“బిడ్డా, రేపు సదాశివపేటకు పోతున్నం, మావోనికి పిల్లను సూసెటందుకు. నువ్వు గూడ రావాలె.”

“నేనెందుకు ఆంటీ?”

“నా కడుపుల ఆడపిల్ల లేకపాయె. పిల్లతోని లోపల గూసొని మాట్లాడెటందుకు మా దిక్కు ఎవరున్నరు చెప్పు? మాకు చెప్పనిది నీకు చెప్తది. నువ్వయితే సూసింది సూసినట్టు చెప్తవ్.”

“వెళ్ళిరావే, అంతగా అడుగుతుంటే,” అంది మా అమ్మ ఎదుటి నుంచి.

పెళ్ళిచూపుల్లో అబ్బాయి తరఫు అమ్మాయి ఒకరు లోపలి గదిలోకి వెళ్ళి పిల్లతో మాట్లాడి రావడం వాళ్ళలో ఆనవాయితీ. సాధారణంగా అబ్బాయి చెల్లెలో అక్కో వెళుతుంది. నేను సరేనన్నాను. అతని వైపు చూశాను. అతను ఉల్లిపాయ ముక్కలను పళ్ళెం అంచున ఒక వరుసలో పెడుతున్నాడు.

భోజనం తర్వాత, అనుకున్న ప్రకారమే, పంపు గది దగ్గరికి వెళ్ళాను. అతను చేతులు కడుక్కుంటున్నాడు.

“రేపు వస్తున్నవంట గద,” అన్నాడు.

“నీకు ఇష్టమేనా ఈ సంబంధం?”

“ఇంక సూడనే లేదు. ఇరవై తొమ్మిది నిండినయ్. ఎన్ని రోజులు ఆగమంటవ్, చెప్పు.”

చెప్పు అన్న తర్వాత అతను పంపు కట్టేశాడు. నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. నా వైపే చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో నాకు తెలియదు. కొలవడమే నా వృత్తి, అయినా ఆ నిడివి నా దగ్గర లేదు.

“ఎన్నింటికి బయల్దేరాలి?” అన్నాను.

అతను టవలు అందుకున్నాడు. “ఎనిమిదింటికి,” అని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పటాన్‌చెరులో నా డిప్లొమా స్నేహితురాలి కూతురి పుట్టినరోజు. నా నిర్ణయం తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆమె. బెలూన్లు ఊదుతున్న పిల్లల మధ్య నుంచి నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.

“చెప్పినవా?”

జరిగింది చెప్పాను. ఆమె కేకు కత్తిని పక్కన పెట్టింది.

“పంపు బంద్ చేసి నిలబడ్డడా? నిలబడితే నువ్వు టైమ్ అడిగినవా? ఆయనేమన్న ఆర్టీసీ బస్సా?”

“అతను ఎందుకు నిలబడ్డాడో ఖాయంగా తెలియదు కదా.”

“నీ గేజీలు ఏమన్న నోరు తెరిచి చెప్తయా, నేను గింత సూపిస్తున్న అని? నువ్వే సూసి రాసుకుంటవు గద! మనిషి దగ్గరికొచ్చేసరికి ఏమైతది నీకు?” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు రాలేదు. “ఇప్పుడన్న ఫోన్ చెయ్యి.”

“రేపు ఒక అమ్మాయి చీర కట్టుకుని కూర్చుని ఉంటుంది. ఇప్పుడు చెప్తే ఆ అమ్మాయి సంగతేంటి?”

నేను చెప్పిన కారణం న్యాయమైనదే. అసలు కారణం అది కాదు. అతను కాదంటే ఏం చేయాలో నాకు తెలియదు, అంతే. పిల్లలు పిలుస్తున్నారు. వెళ్ళి చప్పట్లు కొట్టాను.

ఆదివారం సదాశివపేట చేరేసరికి తొమ్మిదిన్నర. అమ్మాయి ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ముందు గదిలో పెద్దల మాటలూ ఫలహారాలూ అయ్యాక, అతని అమ్మ నాకు కనుసైగ చేసింది. నేనూ ఆ అమ్మాయీ లోపలి గదిలో మంచం మీద కూర్చున్నాం. కూలర్ పెద్దగా చప్పుడు చేస్తోంది. ఆమె లేచి దాని వేగం తగ్గించి వచ్చింది, మాట వినబడాలని. ఆ ఒక్క పనితోనే ఆమె నాకు నచ్చింది.

“వదినా, ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు,” అంది.

భర్త అక్కచెల్లెళ్ళను పిలిచే పిలుపు అది. దిద్దడానికి నోరు తెరిచి, ఏమని దిద్దాలో తెలియక ఊరుకున్నాను. పద్నాలుగేళ్ళుగా నేను ఎవరి నోటా రాకుండా చూసుకున్న వరసను ఆమె కూర్చున్న రెండో నిమిషంలోనే కలిపేసింది.

“అడుగమ్మా.”

“కోపమొస్తే ఎట్లుంటడు?”

“అరవడు. మాట్లాడటం మానేస్తాడు. బయటికి పోయి మోటారు సైకిల్ కడుగుతాడు. అరగంటకు లోపలికొచ్చి ఆకలైతుందంటాడు.”

“గంతేనా?” ఆమె ఫక్కున నవ్వి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. “ఇంక?”

ఇంకా చెప్పాను. చాయ్‌లో చక్కెర సగం చెంచా. ఎడమ మోకాలు పదో తరగతిలో విరిగింది, చలికాలం నొప్పి పెడుతుంది, చెప్పడు. పాలు పొంగిన వాసన పడదు. అబద్ధం చెప్పేటప్పుడు చెవి రుద్దుకుంటాడు. నేను పదేళ్ళకు పైగా ఒక్కొక్కటిగా గమనించి పోగుచేసుకున్నదంతా పావు గంటలో ఆమె చేతికి ఇచ్చేశాను. చెబుతున్నప్పుడే తెలిసింది, ఇక వీటితో నాకు పని ఉండదని.

“నీకు అన్ని ఎరుకే వదినా,” అంది ఆమె. తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. “నాది గూడ ఒకటున్నది. పోయినేడు నాకొక సంబంధం ఖాయమై, లగ్గం పెట్టుకున్నంక తప్పిపోయింది. వాళ్ళే వద్దనుకున్నరు. మావోళ్ళు చెప్పొద్దన్నరు. దాచిపెట్టి పోవుడు నాతోని కాదు. ఆయనకు నువ్వే చెప్పు. ఇష్టం లేదంటే నేనేమనుకోను.”

ఆ మాట ఎంత బరువైనదో నాకు తెలుసు. అతని అమ్మకు శకునాల పట్టింపు ఎక్కువ. లగ్గం తప్పిన పిల్ల అని ఆమె చెవిన వేస్తే చాలు, తిరుగు దారిలో కారు ఇస్నాపూర్ దాటకముందే ఈ సంబంధం ముగిసిపోతుంది. అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. నిజాన్ని కొంచెం ముందుగా, కొంచెం వేరే మనిషికి చెబితే సరిపోతుంది.

బయటికి వచ్చేసరికి అతను కారు పక్కన నీడలో నిలబడి ఉన్నాడు. పెద్దవాళ్ళు ఇంకా గుమ్మం దగ్గర వీడ్కోళ్ళలో ఉన్నారు.

అతనికి మాత్రమే చెప్పాను. ఆమె చెప్పిన మాటలు ఆమె చెప్పిన క్రమంలోనే చెప్పాను.

“మావోళ్ళు చెప్పొద్దన్నరు అని గూడ తనే చెప్పిందా?”

“తనే చెప్పింది.”

అతను కాసేపు కారు తాళంచెవిని అరచేతిలో తిప్పాడు. “నువ్వేమంటవ్?”

“నన్నడుగుతావేంటి?”

“నిన్ను గాక ఎవర్ని అడుగుత? నువ్వు ఏం చెప్తే గదే.”

ముందురోజు పంపు దగ్గర చూసినట్టే చూశాడు. ఇదే చివరి అవకాశమని ఇద్దరికీ తెలిసి ఉండవచ్చు. నాకు ఒక్కదానికే తెలిసి ఉండవచ్చు. గుమ్మంలో ఆ అమ్మాయి పెద్దల వెనుక నుంచి నా ముఖం వైపు చూస్తోంది, నేను ఏం చెబుతున్నానో అని.

“మంచి పిల్ల,” అన్నాను. “నిజాయితీ ఉంది. నీకు సరిపోతుంది.”

మూడూ నిజాలే. నేను చూసింది చూసినట్టే చెప్పాను. నా గురించి మాత్రం ఏమీ చెప్పలేదు.

“సరే అయితే,” అన్నాడు. చెవి రుద్దుకోలేదు.

తిరుగు దారిలో వాళ్ళమ్మ నా చేయి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. “ఇగ నువ్వే మా ఇంటి ఆడబిడ్డవు. లగ్గంల కట్నం చీర నీకే పెట్టాలె,” అంటూ నా వేళ్ళు నిమిరింది. ఇంటికి చేరాక మా అమ్మ, శనివారం కోసిన కాయలను పొడిగుడ్డతో తుడుస్తూ, పిల్ల ఎలా ఉందే అని అడిగింది. బాగుందన్నాను. నేనూ ఒక గుడ్డ తీసుకుని కూర్చున్నాను. నూట నాలుగు కాయలూ తుడిచాం. మధ్యలో ఎప్పుడో మా అమ్మ నా ముఖం చూసి, తుడవడం ఆపి, మళ్ళీ తుడవసాగింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఆ రోజు ఏడ్చేదాన్ని.

శ్రావణంలో పెళ్ళి అయింది. ఆ చీర నాకే పెట్టారు, ముదురు ఆకుపచ్చది. బీరువాలో కింది అరలో ఉంది. మా పై అధికారి ఒకసారి నా రికార్డులు చూసి, ఇన్నేళ్ళలో ఒక్క అంకె కూడా దిద్దలేదని మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం కంపెనీ బస్సులో కిటికీ వైపు తిరిగి, కిష్టారెడ్డిపేట వచ్చేదాకా ఏడ్చాను.

ఆ అమ్మాయి ఇప్పటికీ నన్ను వదినా అనే పిలుస్తుంది. పోయిన నెల ఒక ఆదివారం ఫోన్ చేసింది. గోడ అవతలే ఉన్నా ఫోనే చేస్తుంది, అతనికి వినబడకూడదని.

“వదినా, పొద్దున్నే చిన్న లొల్లి అయింది. మల్ల బండి కడుగుతుండు.”

గోడ అవతల బకెట్టు చప్పుడు నాకూ వినబడుతోంది.

“అరగంట ఆగమ్మా,” అన్నాను.

ఫోన్ పెట్టేసి గడియారం చూశాను. కాసేపటికి నీళ్ళ చప్పుడు ఆగింది. మళ్ళీ ఫోన్ మోగింది.

“వచ్చిండు వదినా. ఆకలైతుందంటుండు.”

ఇరవై ఎనిమిది నిమిషాలు.