దత్తతకెళ్లిన నాన్నమ్మ

ఓడలరేవులో అమ్మాజీ నాన్నమ్మను అరవై ఎనిమిదో ఏట దత్తత తీసుకున్నారు. తీసుకున్నది డాక్టరు చదివే హిమజ. ఇప్పటి చదువులో ఒక్కో విద్యార్థి కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, వాళ్ల ఆరోగ్యం కనిపెట్టుకుని ఉండాలట. ఆ పిల్ల వచ్చినప్పుడల్లా నాన్నమ్మ బాగుచేస్తున్న వల పక్కన పడేసి, నీరు పట్టిన కాళ్లు చాపుకుని, నిట్టూరుస్తూ చెయ్యి అప్పగిస్తుంది. బీపీ పట్టీ బిగుస్తుంటే ఆవలిస్తుంది. "ఉప్పుచేప మానేశారా మామ్మగారూ?" అంటే, "ఆయ్, ఎప్పుడో మానేశానండీ," అంటుంది మూతి తుడుచుకుంటూ. కొడుకులు తిట్టినా, పెద్ద డాక్టర్లు బెదిరించినా మానని మనిషి మరి!

మొన్న హిమజతో వాళ్ల మేడమ్ కూడా వచ్చింది. బీపీ చూసి, వీధిలో అందరి ముందూ, "ఏడాదిగా వస్తున్నావు, ఈవిడకి ఏం నేర్పావమ్మా? మార్కులెలా వెయ్యను?" అంది. "మామ్మగారు అబద్ధమాడరు మేడమ్. నేనే సరిగ్గా చెప్పలేదేమో," అంది హిమజ, కళ్లనీళ్లు ఆపుకుంటూ. నాన్నమ్మ తలెత్తలేదు. మర్నాడు కోడలు ఉప్పుచేప పులుసు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఉప్పులేని పప్పు వేయించుకుంది. ముద్దముద్దకీ మొహం చిట్లించింది. "ఇదేం విడ్డూరమండీ అత్తయ్యగారూ?" అంది కోడలు. "ఏం చెయ్యనే? పెంచుకున్న తల్లిని నలుగుర్లో తిట్టించేను," అంది నాన్నమ్మ నీరసంగా, మంచినీళ్లతో ముద్ద మింగుతూ.