డాక్టరు గారి ముందు నా కాలు

వికలాంగుల పింఛను పరీక్షకని ఈ రోజు అమలాపురం వెళ్ళాను. నా పోలియో కాలు చూడాలని డాక్టరు గారు నున్నటి గచ్చు మీద నడవమన్నారు. మామూలుగా తొడ మీద చెయ్యి ఆనించి నడుస్తాను. ఎవరైనా చూస్తుంటే మాత్రం ఆనించకూడదని చిన్నప్పుడు అమ్మ నేర్పింది. చెయ్యి దానంతటదే పక్కకు పోయింది, కాలు పెళ్ళిచూపుల పిల్లలా బుద్ధిగా నడిచింది.

"బాగానే నడుస్తున్నారు కదండీ! పింఛను కష్టం," అన్నారాయన.

"సాయంత్రం మా వీధిలో చూడండి సార్. గోడ పట్టుకోనిదే అడుగు పడదు."

"ఆయ్, నేను రాసేది ఇక్కడ చూసిందేనండి."

తిరిగొచ్చి కొత్తపేటలో బస్సు దిగుతుంటే అదే కాలు మడతపడింది. కండక్టరు పట్టుకోకపోతే రోడ్డు మీద పడేదాన్ని.

ఇన్నేళ్ళూ నేను మోసిన కాలు, సాక్ష్యం చెప్పాల్సిన రోజున అవతలి పక్షం చేరింది. మీ ఇంట్లోనూ ఉన్నారా, పరాయివాళ్ళ ముందు మాత్రమే బుద్ధిమంతులయ్యేవాళ్ళు?